ప్రతిధ్వనియే కొలబద్ద

గ్రామములయందలి పెద్దలు కొలతల విషయమున ఎంత జాగరూకులో వేరుగ చెప్పనక్కఱలేదు. ధాన్యము కొలుచు కుంచము అడుగున సొట్టపడియున్నదా, తూకపురాయి అరిగిపోయినదా, పొలము కొలుచు గొలుసు సాగిపోయినదా అని విచారించిన పిమ్మటనే వారు లెక్కను ఒప్పుకొందురు. సాధనము తప్పైనచో, ఎంత చక్కని దస్తూరితో వ్రాసిన అంకెయైనను ఒకరి గాదెను నింపి మఱియొకరి గాదెను ఖాళీచేయును. ఈనాటి ప్రసంగమున నేను అట్టి కొలసాధన మొకదాని చరిత్రను మీకు మనవి చేయదలచితిని. ఈ సాధనము కంటికి కనబడదు, చేతికి చిక్కదు. ధ్వనియే ఆ సాధనము.

తనంతట తాను కదలుచు పనిచేయు యంత్రములను నేడు రోబోటు లనుచున్నారు. 1920వ సంవత్సరమున చెక్ రచయితయగు కారెల్ చాపెక్ వ్రాసిన నాటకమునుండి ఈ పేరు లోకమున వ్యాపించెను. నాటకములోని రోబోటులు మనుష్యులను పోలియుండెను. నేడు గిడ్డంగులలో బరువులు మోయునవియు, ఆస్పత్రులలో మందులు చేరవేయునవియు చాలవఱకు చక్రములుగల బండ్లే. బండికి ఎదుట గోడ యున్నదా, మనిషి యున్నాడా, ఉన్నచో ఎంత దూరమున నున్నాడు అను సంగతి క్షణక్షణము తెలియవలెను. ఇందుకొఱకు చాల బండ్లకు ముందువైపున అతిధ్వని సెన్సారులను అమర్చుదురు. మన చెవికి సామాన్యముగా సెకనుకు 20,000 కంపనములవఱకే వినబడును. అంతకు మించినది అతిధ్వని. సెన్సారు అట్టి ధ్వనిని ఒక్క కేకగా పంపి, ఎదుటి వస్తువును తాకి మరలివచ్చు ప్రతిధ్వనికై వేచియుండును. కేకకును ప్రతిధ్వనికిని నడుమ ఎంత కాలము గడచెనో చూచి దూరమును లెక్కకట్టును.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును గమనింపవలెను. సెన్సారునకు దూరము తెలియదు. కాలము మాత్రమే తెలియును. కాలమును దూరముగా మార్చుటకు ధ్వని వేగము తెలియవలెను. చాకిరేవున బట్ట బండపై పడుట దూరమునుండి మొదట కంటికి కనబడును. చప్పుడు కొంత తడవునకు చెవిని చేరును. మెఱుపు మెఱసిన మూడు సెకనులకు ఉఱుము వినబడినచో పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరమున పడినదని చెప్పవచ్చును. ఈ లెక్కకు ఆధారము ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవుననుట. ఆ 340 అను అంకె ఎచ్చటనుండి వచ్చెను? అది ఎల్లప్పుడును ఒకే తీరుగ నుండునా? ఈ రెండు ప్రశ్నలలోనే మన చరిత్రయంతయు ఇమిడియున్నది.

ఇంగ్లండు దేశీయుడగు న్యూటను మహాశయుడు 1687లో ప్రకటించిన గ్రంథమున కేవల గణితముచేత ధ్వని వేగమును సాధించెను. కాని ఆయన లెక్కకు వచ్చిన వేగము అనుభవమున తేలినదానికంటె సుమారు ఏడవవంతు తక్కువగా నుండెను. ధ్వని పోవునపుడు గాలి నొక్కబడి ఆ క్షణమున కొంచెము వేడెక్కుననియు, దానిచేత వేగము పెరుగుననియు లాప్లాస్ అను ఫ్రెంచి గణితవేత్త 1816లో వివరించువఱకు ఆ లోటునకు సరియైన కారణము దొరకలేదు. న్యూటను వంటివాని గణితమునైనను పొలములో నిలిచి కొలిచి సరిచూడక తప్పలేదన్నమాట.

అట్లు సరిచూచినవారిలో పారిసు నగరపు శాస్త్రపరిషత్తువారు పేర్కొనదగినవారు. 1738లో వారు రాత్రివేళ గుట్టలపై ఫిరంగులు కాల్పించి, దూరమున నిలిచి వెలుగు కనబడిన క్షణమునకును చప్పుడు వినబడిన క్షణమునకును గల వ్యవధిని లెక్కించిరి. గాలి ధ్వనితోపాటు వీచినచో వేగము హెచ్చుననియు, ఎదురుగ వీచినచో తగ్గుననియు వారు కనుగొనిరి.

ఈ కథలో చెన్నపట్టణమునకును ఒక గౌరవస్థానము కలదు. అచ్చట నుంగంబాకమున 1792లో తూర్పు ఇండియా కంపెనీవారు ఒక వేధశాలను కట్టించిరి. నక్షత్రములను చూచు యంత్రమును నిలుపుటకై అందు నాటిన శిలాస్తంభముపై ఇతర భాషలతోపాటు తెలుగునందును శాసనము చెక్కబడియున్నది. ఆ వేధశాలయందు జ్యోతిశ్శాస్త్రవేత్తగా పనిచేసిన జాన్ గోల్డింగ్‌హాము 1820, 1821 సంవత్సరములలో ధ్వని వేగమును కొలిచెను. సెయింట్ జార్జి కోటయందును, పరంగికొండ యనబడు సెయింట్ థామస్ మౌంటునందును ఉదయ సాయంకాలములలో ఫిరంగులు కాల్చు వాడుక యుండెను. కోట వేధశాలకు రెండున్నర మైళ్లకు మించిన దూరమునను, కొండ ఐదున్నర మైళ్లకు మించిన దూరమునను ఉన్నవి. వెలుగు చూచిన క్షణము మొదలు చప్పుడు వినువఱకు మంచి గడియారముతో కాలమును పట్టి ఆయన నెలల తరబడి వ్రాసికొనెను. అంకె ప్రక్కనే ఆనాటి వేడిమి, గాలిలోని తేమ, వాయుభారము, గాలి వీచు దిక్కు కూడ వ్రాసెను. ఆ పరిశోధన 1823లో లండనునందు అచ్చుపడెను.

ఆయన పట్టికను చూడగా డిసెంబరు, జనవరి మాసములలో ధ్వని వేగము సెకనుకు సుమారు 1,100 అడుగులుగను, జూలై మాసమున 1,160 అడుగులకు మించియు కనబడుచున్నది. వేడిమి ఒక్క ఫారన్‌హీటు డిగ్రీ హెచ్చినచో ధ్వని వేగము సుమారు ఒక అడుగు మాత్రమే హెచ్చునని నేటి గణితము చెప్పును. కావున అరువది అడుగుల భేదము వేడిమి ఒక్కదానివలన రాజాలదు. గాలినుండియో, చూచువాని చేతినుండియో, మఱియొక కారణమునుండియో కొంత భేదము వచ్చియుండవలెను. ఇన్ని యేండ్లకు పిమ్మట మనము ఈ విచారణ చేయగలుగుచున్నామన్నచో, అందుకు ఆయన అంకెతోపాటు ఆనాటి పరిస్థితులను కూడ వ్రాసియుంచుటయే కారణము. ప్రక్కన ఏమియు వ్రాయని అంకెను పిమ్మటివారు పరీక్షింపలేరు.

ఆ పరంగికొండ చెంతనే అంతకు పూర్వము, 1802లో, విలియం లాంబ్టను ఏడున్నర మైళ్ల పొడవుగల మూలరేఖను ఉక్కు గొలుసుతో కొలిచెను. భారతదేశపు మహాసర్వేకు అది తొలి రేఖ. ఎండకు ఉక్కు సాగునని యెఱిగిన ఆయన గొలుసును కొయ్యపెట్టెలలో నుంచి, అందు ఉష్ణమాపకములను పెట్టి, ప్రతి కొలతను వేడిమిననుసరించి సవరించెను. ఉక్కు గొలుసు వేడికి సాగును. ధ్వని వేడికి పరుగెత్తును. ఒకే ఊరిలో ఇరువది యేండ్ల యెడమున ఇద్దరు పనివాండ్రు తమ కొలబద్ద వేడిమిని ముందు విచారించిరనుట నాకు మిక్కిలి సంతోషకరమైన సంగతి.

గాలివలన కలుగు చిక్కును తొలగించుటకు 1822లో ఫ్రెంచి పండితులు ఒక చక్కని యుపాయము చేసిరి. పారిసునకు సమీపమున నున్న విల్‌జూయిఫ్, మాంట్‌లేరి అను రెండు చోట్లనుండియు ఫిరంగులు కాల్పించి, రెండు దిక్కులను పోవు ధ్వనిని కొలిచిరి. గాలి ఒక వైపునకు పోవు ధ్వనికి చేసిన సాయము రెండవ వైపునకు పోవుదానికి ఆటంకమగుటచేత రెండింటి సగటున గాలి ప్రభావము కొట్టివేయబడెను. సుమారు 16 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమియందు వారికి సెకనుకు 341 మీటర్లు వచ్చెను. నేటి లెక్కయు అదియే.

ఇక నీటిలోని ధ్వని సంగతి. 1826లో జెనీవా సరస్సునందు కొలాడన్, స్టర్మ్ అను నిరువురు నీటిలో గంట కొట్టించి, అదే క్షణమున తుపాకిమందు వెలిగించి, సుదూరమున నున్న పడవనుండి నీటిలోనికి ఊదుగొట్టమువంటి సాధనమును దింపి వినిరి. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,435 మీటర్లు, అనగా గాలిలోనికంటె నాలుగింతలకు మించి పోవునని తేలెను. 1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మంచుకొండను గ్రుద్దుకొని మునిగి పదునైదు వందల ప్రాణములు పోయిన పిమ్మట, ఎదుటి ప్రమాదమును ప్రతిధ్వనిచేత తెలిసికొనవలెనను పట్టుదల హెచ్చెను. 1914లో రెజినాల్డ్ ఫెసెండెన్ మంచుకొండనుండి వచ్చిన ప్రతిధ్వనిని నీటిలో పట్టెను. మొదటి మహాయుద్ధ కాలమున ఫ్రాన్సు దేశపు పాల్ లాంజెవాన్ స్ఫటికపు ముక్కలకు విద్యుత్తు నిచ్చి అతిధ్వనిని పుట్టించి, నీటిలో దాగిన వస్తువులను కనుగొను మార్గము చూపెను. స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లోనే క్యూరీ సోదరులు కనుగొనియుండిరి. లాంజెవాన్ పనికి అదియే పునాది.

ఓడలవారు ప్రతిధ్వనితో లోతు కొలుచుట నేర్చినను నీటి వేడిమి, ఉప్పదనము మారినకొలది ధ్వని వేగము మారుచుండుట వారికి చిక్కు కలిగించెను. దానికి వారు కనిపెట్టిన విరుగుడు మన కుంచపు పరీక్షవలెనే యుండును. గుర్తులు పెట్టిన గొలుసునకు ఒక లోహపు పలకను కట్టి, యంత్రము క్రింద ఐదు మీటర్లకు దింపుదురు. యంత్రము ఐదు చూపుచున్నదా అని చూతురు. పిమ్మట పదికి దింపి చూతురు. గొలుసు చెప్పినదానికిని యంత్రము చెప్పినదానికిని భేదమున్నచో యంత్రమునే సవరింతురు. తీరమునకు సమీపమున లోతులు కొలుచు పడవలవారు ఈ పరీక్ష చేయుదురు.

మనుష్యుడు ఇంత ప్రయాసపడి నేర్చిన విద్య గబ్బిలమునకు పుట్టుకతోనే కలదు. 1793లో ఇటలీ దేశపు స్పల్లంజాని గ్రుడ్డి గబ్బిలములు సైతము అడ్డంకులకు తగులక ఎగురునని చూపెను. చెవులు మూసినచో అవి తడబడునని స్విట్జర్లాండు దేశపు జురిన్ కనుగొనెను. చెవికి వినబడని ధ్వని యేదియో ఉండవలెనని అప్పుడెవరును ఊహింపజాలకపోయిరి. 1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున డొనాల్డ్ గ్రిఫిన్ అను విద్యార్థి గబ్బిలముల అతిధ్వనులను యంత్రముచేత పట్టినపిదపనే రహస్యము బయటపడెను. అతిధ్వని విద్యయందు మన దేశీయుల కృషియు కలదు. సి. వి. రామన్‌గారును నాగేంద్రనాథ్‌గారును 1935, 1936 సంవత్సరములలో అతిధ్వని తరంగములపై పడిన కాంతి యెట్లు చీలునో వివరించిరి. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సూరి భగవంతముగారును బి. రామచంద్రరావుగారును ఈ శాఖయందు పరిశోధనలు సాగించిరి.

అతిధ్వని రోబోటుల చెంతకు చేరిన మార్గము చిత్రమైనది. 1978లో అమెరికాలోని పోలరాయిడ్ సంస్థవారు బొమ్మతీయు పెట్టెకు ఒక అతిధ్వని సెన్సారును అమర్చిరి. ఎదుటి మనిషి ఎంత దూరమున నున్నాడో దానిచేత తెలిసికొని పెట్టె తన అద్దమును తానే సర్దుకొనును. దాదాపు ఒక అడుగు మొదలు 35 అడుగులవఱకు అది కొలువగలదు. ఆ భాగమును విడిగా కూడ అమ్ముటచేత విశ్వవిద్యాలయములవారు దానిని కొని తమ బండ్లకు తగిలించిరి. 1985లో పిట్స్‌బర్గు నగరపు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున హాన్స్ మోరవెక్, ఆల్బెర్టో ఎల్ఫెస్ అనువారు 24 సెన్సారులను వలయముగా అమర్చి గది పటమును గీయించిరి. ఒక్క ప్రతిధ్వనిని నమ్మి గీత గీయక, గదిని చిన్న గళ్లుగా విభజించి, ఏ గడిలో అడ్డమున్నదని ఎన్ని కొలతలు సాక్ష్యమిచ్చుచున్నవో కూడి చూచుట వారి పద్ధతి. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పని పంచాయతీ పెద్దల పద్ధతియు ఇదియే కదా!

ఇపుడు ఇట్టి సెన్సారులు మిక్కిలి చౌకయై ఇంజనీరింగు చదువు పిల్లల చేతులలోనికి వచ్చినవి. సెకనుకు 40,000 కంపనములతో పనిచేయుచు రెండు గుండ్రని కన్నులవలె కనబడునవి అందు తఱచుగా వాడబడుచున్నవి. వానిని ఎట్లు సరిచూడవలెనో ఒక లెక్కతో చెప్పెదను.

ఒక చిన్నబండిని ఊహింతము. దానికి ధ్వని వేగము 340 మీటర్లని నేర్పియున్నారు. ఆనాడు గదిలో వేడిమి 38 డిగ్రీలు. ఆ వేడిమియందు ధ్వని సెకనుకు సుమారు 354 మీటర్లు పోవును. మఱియు సెన్సారు బండి మూతికి రెండు సెంటిమీటర్లు వెనుకగా బిగింపబడియున్నది. టేపు కొలతయో మూతినుండి మొదలగుచున్నది. నున్నని పలకను టేపు ప్రకారము 50 సెంటిమీటర్ల దూరమున నిటారుగ నిలిపిన బండి 50 అనును. భేష్, సరిపోయినదని పిల్లవాడు లేచినచో అంతటితో సరి! పలకను 100కు జరిపిన బండి 98 అనును. 200కు జరిపిన 194. 300కు జరిపిన 290. ఇందు రెండు తప్పులు కలసియున్నవి. వెనుకగా బిగించుటచేత ప్రతి కొలతకు రెండు హెచ్చుచున్నది. వేగము తక్కువగా నేర్పుటచేత నూటికి నాలుగు తగ్గుచున్నది. 50 దగ్గఱ హెచ్చిన రెండును తగ్గిన రెండును ఒండొంటిని కొట్టివేసికొని తప్పు కనబడకుండెను. బండి చెప్పిన అంకెనుండి రెండు తీసివేసి, మిగిలినదానిని 96తో భాగించి నూటితో గుణించినచో నాలుగు చోట్లను సరియైన దూరమే వచ్చును. ఒక్క చోట కొలిచి తృప్తిపడరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ప్రతి దూరమునందును ఒక్కమారు గాక పదిమార్లు కొలిచి, అంకెలను పెద్దచిన్న వరుసన పేర్చి నడిమిదానిని తీసికొనుట మేలు. ఎచ్చటనో ప్రక్క గోడనుండి దారితప్పి వచ్చిన ప్రతిధ్వని ఒక్క అంకెను చెడగొట్టినను నడిమిది చెడదు. మఱియు ఏనాడు, ఎంత వేడిమిలో, ఏ పలకతో కొలిచినదియు ప్రక్కన వ్రాసియుంచవలెను.

వేడిమి సంగతి మరల చెప్పుచున్నందుకు కారణము కలదు. గుంటూరు ప్రాంతమున మిరపకాయలను నిలువచేయు శీతల గిడ్డంగులు మీ రెఱుగుదురు. మే నెలలో 44 డిగ్రీల ఎండయందు సరిచూచిన బండిని 4 డిగ్రీల చలిగల గిడ్డంగిలోనికి పంపినచో ఏమగును? వెలుపల ధ్వని సెకనుకు సుమారు 358 మీటర్లు పోవును. లోపల 334 మాత్రమే. ప్రతిధ్వని ఆలస్యముగా వచ్చును. నాలుగు మీటర్ల దూరమున నున్న మనిషిని బండి 4 మీటర్ల 29 సెంటిమీటర్ల దూరమున నున్నాడనుకొనును. లేని పదునొకండు అంగుళములకు మించిన చోటు ఉన్నదని నమ్మి అది ఆగుటలో జాగుచేయును. దెబ్బ తగులునది బస్తా మోయు కూలివానికి. ఇట్టి సెన్సారులనే వంతెనల క్రింద, చెఱువుల గట్టులపై నీటిమట్టము కొలుచుటకును వాడుచున్నారు. అచ్చట పైనుండి క్రిందికి చూచు సెన్సారు దూరమును హెచ్చుగ చెప్పినచో నీరు ఉన్నదానికంటె పల్లమున ఉన్నట్లు తోచును. వరద వచ్చు రాత్రి ఆ భ్రమ ఎంత చెఱుపు చేయునో ఏటిగట్టున నివసించు మీకు నేను చెప్పవలెనా? మంచి సాధనములలో ఉష్ణమాపకమును గూడ చేర్చి వేగమును వెంటవెంటనే సవరింతురు. అట్టిది ఉన్నదా లేదా అని అడుగుట మన విధి.

ఎంత సరిచూచినను కొన్ని హద్దులు దీనికి కలవు. మ్రోగిన గుడిగంట కొంత తడవు కంపించినట్లే సెన్సారును కేకవేసిన పిమ్మట కొంత కంపించుచుండును. ఆలోపల వచ్చు ప్రతిధ్వని దానికి వినబడదు కనుక మిక్కిలి దగ్గఱి వస్తువును అది చూడజాలదు. ఏటవాలుగ కొట్టిన బంతి ప్రక్కకు పోవునట్లు, ఏటవాలు గోడను తాకిన ధ్వని ప్రక్కకు పోయి మరలిరాదు. దూదిబస్తా, మెత్తని దుప్పటి ధ్వనిని మ్రింగివేయును. కేక విసనకఱ్ఱవలె విచ్చుకొనుచు పోవుటచేత, మూడు మీటర్ల దూరమున ఒకటిన్నర మీటరు వెడల్పులో ఏ మూల నున్న వస్తువు తగిలినదో దానికి తెలియదు. కనుక పలకతో సరిచూచినవారు గోడతో, బట్టతో, మనిషితో కూడ చూడవలెను; సెన్సారు ఏది చెప్పజాలదో అదియు వ్రాసియుంచవలెను.

ఫిరంగి చప్పుడు వినుచు కూర్చున్న గోల్డింగ్‌హాము మొదలు పలకను జరుపుచు కూర్చున్న నేటి విద్యార్థివఱకు అందఱును చేసినది ఒక్కటే పని. తెలిసిన దూరముతో తెలియని సాధనమును పరీక్షించిరి. అంగడిలోని తూకపురాళ్లపై సర్కారువారి ముద్ర యున్నదా అని చూచు వాడుక మనకు కలదు. రేపు మీ మనుమడు తాను చేసిన బండిని ముంగిట నడిపి చూపినచో మెచ్చుకొనుడు. మెచ్చుకొనిన పిమ్మట మూడు మాటలడుగుడు: “దీనిని ఏ కొలబద్దతో సరిచూచితివి నాయనా? ఎన్ని చోట్ల చూచితివి? ఆనాడు ఎండ యెంత?” ఈ ప్రశ్నలకు శాస్త్రపాండిత్యముతో పనిలేదు, కుంచమును తిరగవైచి చూచు అలవాటు చాలును. బదులు చెప్పలేనిచో ఇంటిలోని టేపును వాని చేతికిచ్చి, మీరే ఒక పలకను పట్టుకొని నిలువుడు.